రూక భోజనం మళ్లీ వడ్డిస్తే: హనుమకొండలో మిరపకాయ లేని ఒక పూటకూళ్ల ఇల్లు

హనుమకొండలో వేయిస్తంభాల గుడి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక పాత పెంకుటిల్లు ఉంది. ఆ ఇంటి వెనుక వరండాలో శని, ఆదివారాలలో మధ్యాహ్నం ఒక్క పూట, పద్నాలుగు మందికి మించకుండా, ముందుగా ఫోన్‌లో చెప్పుకున్నవారికి మాత్రమే భోజనం పెడతారు. వీధిలో బోర్డు లేదు. వచ్చేవారిని కాదనలేక ఇప్పటికే ఇబ్బంది పడుతున్నామని, తమ పేరు గానీ చిరునామా గానీ ఎక్కడా రాయవద్దని ఇంటివారు కోరారు. దారి చెప్పని సమీక్ష ఎవరికి పనికివస్తుందని మీరు అడగవచ్చు. ఆ ఇంట్లో నేను రెండుసార్లు తిన్న భోజనంలో మెచ్చుకోదగినవీ తప్పుపట్టదగినవీ కూడా ఏ వంటింటికైనా వర్తించేవే కనుక, పేరు తీసేసినా చెప్పవలసిన విషయం చాలానే మిగులుతుంది.

ఆ ఇంటి నియమం ఒక్కటే. పోర్చుగీసువారి ఓడలు మన దేశపు తీరానికి రాకముందు తెలుగు నేల మీద లేని పదార్థమేదీ వంటలోకి రాదు. వినడానికి ఇది చిన్న నియమంలాగే ఉంటుంది కానీ, కాగితం తీసుకుని రాయడం మొదలుపెడితే మన వంటింట్లో సగం డబ్బాలు ఖాళీ అవుతాయి. మిరపకాయ పోతుంది, పచ్చిదీ ఎండుదీ కూడా. టమాటా పోతుంది. బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం, దానితోపాటు సగ్గుబియ్యం పోతాయి. వేరుశనగ పోతుంది కనుక ఇడ్లీలోకి చేసుకునే పల్లీల పచ్చడీ, మూకుట్లో పోసే పల్లీ నూనే పోతాయి. మొక్కజొన్న, జీడిపప్పు, జామ, బొప్పాయి, అనాస, బీన్స్, క్యాబేజీ, కాలీఫ్లవర్ వరుసగా జాబితా దిగిపోతాయి. భోజనం తరువాత కాఫీ అడిగే వీలు ఉండదు. వీటిలో కొన్ని పరాయివని మన భాషకు తెలుసు. టమాటాను సీమవంకాయ అని పిలిచినవారి నోట ఆ సీమ అన్న మాట ఊరికే రాలేదు. మిరపకాయ విషయంలో మాత్రం మనం పూర్తిగా మరచిపోయాం. మిరియం పేరునే సాగదీసి దానికి పెట్టుకుని, ఆ తరువాత అసలు మిరియాన్ని జలుబు మందుల పక్కన కూర్చోబెట్టాం.

ఈ ఆలోచనకు మూలం క్రీడాభిరామం. కాకతీయుల ఓరుగల్లు వీధులలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా తిరుగుతూ కళ్లబడిన ప్రతిదాని గురించీ మాట్లాడుకునే వీధి నాటకం అది. ఆ తిరుగుడులో వాళ్లకు ఒక పూటకూళ్ల ఇల్లు తగులుతుంది. లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంట్లో ఒక్క రూకకు ఏమేమి పెడతారో కవి ఒకే పద్యంలో లెక్క చెబుతాడు: కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండితో చేసిన వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవు నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు వంటకాలు, గడ్డగా తోడుకున్న కొత్త పెరుగు. ఏం పెట్టారు, ఎంత తీసుకున్నారు, ఎవరి ఇల్లు అన్న మూడు సంగతులూ నాలుగు పాదాలలో ఇమిడిపోయిన ఆ పద్యమే తెలుగులో తొలి హోటల్ సమీక్ష అని నేను సరదాగా అంటూ ఉంటాను. అంతకన్నా పొదుపుగా రాయడం నాకు చేతకాదు కనుక ఈ వ్యాసం ఇంత పొడవైంది.

ఇంటి యజమానురాలు విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు. పాఠం చెప్పేటప్పుడు ఆ పద్యం దగ్గర విద్యార్థులు ప్రతి ఏడూ కళ్లు పెద్దవి చేసేవారట. ఉద్యోగం నుంచి దిగాక, ఆ పద్యాన్ని ఒకసారి వండి చూద్దామని చెల్లెలితో కలిసి మొదలుపెట్టారు. చుట్టాల కోసం చేసిన వంట తెలిసినవారి దాకా, అక్కడి నుంచి తెలియనివారి దాకా పాకింది. ఇప్పుడు మనిషికి 450 రూపాయలు తీసుకుంటున్నారు. ఆ ధరలో కొసరు, మారు వడ్డన, తాంబూలం అన్నీ ఉన్నాయి; విడిగా కొనుక్కోవడానికి మరేదీ లేదు.

నేను మొదటిసారి మార్గశిరంలో వెళ్లాను, మా అమ్మను వెంటబెట్టుకుని. మా అమ్మ పుట్టిల్లు గుంటూరు పక్కన. మిర్చి యార్డు ఘాటు పీలుస్తూ పెరిగిన మనిషిని మిరపకాయ లేని భోజనానికి తీసుకువెళ్లడం అన్యాయమే అయినా, ఆ భోజనానికి అంతకన్నా గట్టి పరీక్ష ఇంకొకటి ఉండదని నాకు అనిపించింది. ఆవిడ కూడా తగిన ఏర్పాటుతోనే వచ్చింది. చేతిసంచిలో, రుమాలులో చుట్టిన చిన్న స్టీలు డబ్బా నిండా కారం ఉన్న సంగతి విస్తరి ముందు కూర్చునే దాకా నాకు తెలియదు.

మోదుగాకు విస్తర్లు వేశారు. నేల మీద చాపలు పరిచారు, మోకాళ్ల నొప్పులవారికి పక్కన బల్లలు ఉన్నాయి. ఏమేమి ఉన్నాయని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. వండినది వస్తూ ఉంటుంది. తోటలో కోసుకున్నట్టు మెనూ కార్డులో కూరలు ఏరుకునే అలవాటు ఉన్న మనకు మొదటి ఐదు నిమిషాలు చేతులు కట్టేసినట్టు ఉంటుంది కానీ, ఆ తరువాత నాకు ఒక తేలికదనం తెలిసింది. హోటల్‌లో కార్డు తిరగేసి, ఎదుటివాడి పళ్లెం చూసి, మనం చెప్పుకున్నది సరైనదేనా అని తినేంతసేపూ లోలోపల తూచుకునే పని అక్కడ లేదు. పూటకూళ్ల ఇల్లు అన్న పేరులోనే ఈ పద్ధతి ఉంది. ఇది ఈ పూట కూడు. ఇంకో పూటది ఇంకో పూట.

శీతాకాలపు వంటలకు వాళ్లు క్రీడాభిరామాన్ని పక్కనపెట్టి ఆముక్తమాల్యదను పట్టుకున్నారు. 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయలు ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనాన్ని మూడు ఋతువులకు మూడు రకాలుగా వర్ణించాడు. వానాకాలంలో అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. చలికాలంలో వేడివేడి కొత్త బియ్యపు అన్నం, మిరియాల పొడి చల్లిన కూరలు, ముక్కుకు ఎక్కే ఆవ, ఊరగాయలు, పాయసం, కాగిన నెయ్యి, పాలు. వేసవిలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసం, కొబ్బరినీళ్లు, పండ్లు, పరిమళం పట్టించిన చల్లని నీళ్లు, లేత పిందెల ఊరగాయ, మజ్జిగ. ఓరుగల్లు కథకూ విజయనగరపు రాజుకూ మధ్య కాలంలోనూ దూరంలోనూ చాలా ఎడం ఉంది, పైగా విష్ణుచిత్తుని ఇల్లు తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరులోది. ఈ రెండింటినీ ఒకే విస్తరిలో కలిపి మధ్యయుగపు తెలుగు భోజనం అనడం కొంత అతుకుల బొంతే. ఆ మాట నేను అంటే యజమానురాలు కాదనలేదు.

ఇక రుచి. కొత్త బియ్యం అన్నం కాస్త మెత్తగా, ముద్ద పట్టేలా ఉంది. దాని మీద నెయ్యి పడగానే వచ్చిన వాసనతో సగం ఆకలి తీరింది. గుత్తివంకాయలో నువ్వులు, ధనియాలు, మిరియాలు, చింతపండు నూరి పెట్టారు. అరటికాయ కూరలో ఆవ ఎంత ఘాటుగా ఉందంటే, రెండో ముద్దకు మా అమ్మ కళ్లు తుడుచుకుంది, అలా తుడుచుకున్నందుకు సంతోషించింది కూడా. కందను నువ్వుల నూనెలో వేయించి మిరియాల పొడి, ఉప్పు చల్లిన ముక్కలు ఆ పూటకంతటికీ మేలైన వంటకం. బంగాళాదుంప వేపుడు లేకుండా పిల్లలు తినరని వాపోయే తల్లులకు నేను ఇచ్చే సలహా ఆ కంద ముక్కలే. మిరియాల చారు మామూలుగా ఉంది. పెసరపప్పులో ఇంగువ ఎక్కువైంది. ఉసిరికాయ ఊరగాయ కేవలం ఉప్పు, పసుపు, ఆవపిండి, నువ్వుల నూనెతో పెట్టినది. ఎర్రగా లేని ఊరగాయను చూసి మొదట ఎవరూ చెయ్యి పెట్టలేదు, చివరికి జాడీ ఖాళీ అయింది. పాయసంలో జీడిపప్పుకు బదులు అడవి నుంచి వచ్చే సారపప్పు వేశారు. చిన్నప్పుడు మా తాతమ్మ చేతి పరమాన్నంలో ఉండే ఆ గింజల పేరు కూడా నేను మరచిపోయాను.

మిరియపు కారం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ భోజనంలో నేను నేర్చుకున్నదానిలో ఎక్కువ భాగం దానిలోనే ఉంది. మిరపకాయ కారం నాలుక మీద, పెదవుల మీద కూర్చుని చాలాసేపటి దాకా లేవదు. ఆ మంట చల్లారడానికి ఇంకో ముద్ద అన్నం, దానికి ఇంకొంచెం కూర, ఆ కూర మంటకు మళ్లీ అన్నం, ఇలా విస్తరి మీద ఒక పరుగు పందెం నడుస్తుంది. మిరియం కారం గొంతులో తగిలి, ముక్కులోకి ఎగిసి, కాసేపటికి తనంతట తానే పోతుంది. అది పోయాక కింద ఉన్న వంకాయ రుచి వంకాయలాగే తెలుస్తుంది. అంతకుమించి, మిరియం అప్పట్లో చవక సరుకు కాదు. అది పడమటి కనుమల నుంచి రావాలి. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనంలో చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, పట్టు వంటి వాటితోపాటు మిరియాల మీద కూడా సుంకం ఎంతో చెప్పారు. ముత్యాల పక్కన లెక్కకు వచ్చిన సరుకును ఎవరూ గుప్పిళ్లతో చల్లరు. చిటికెడు వేసి, ఆ చిటికెడును గుర్తించి తినేవారు. మిరపచెట్టు పెరట్లో మొలిచి కారం చవకయ్యాక ఆ చిటికెడు లెక్క మన చేతిలోంచి జారిపోయిందని నాకు అనిపిస్తుంది. ఇది శాసనం చెప్పిన మాట కాదు, నా ఊహ.

మా అమ్మ డబ్బా బయటికి తీసింది పప్పు దగ్గర. దాచుకుంటూ తీయబోయింది కానీ వడ్డిస్తున్న యజమానురాలి కంట పడింది. "తీసుకోండమ్మా, మొహమాటం వద్దు. నాలుగు వందల ఏళ్ల అలవాటు ఒక్క పూటలో పోతుందా?" అన్నారావిడ నవ్వుతూ. మా అమ్మ ఒక చిటికెడు కారం పప్పులో కలుపుకుని, రెండు ముద్దలు తిని, డబ్బా మూత బిగించింది. బాగాలేదా అని అడిగితే, "బాగానే ఉంది, కానీ పప్పు కనబడకుండా పోయిందే" అంది. అంతకన్నా సూటిగా ఈ భోజనం గురించి నేను చెప్పలేను.

రెండోసారి వైశాఖంలో వెళ్లాం, ఎండ నలభై దాటిన రోజున. హైదరాబాదు నుంచి రైల్లో వచ్చి, స్టేషన్ నుంచి ఆటోలో చేరేసరికి తినాలన్న కోరిక ఎవరికీ లేదు. ముందుగా వట్టివేళ్లు నానబెట్టిన కుండనీళ్లు ఇచ్చి, పావుగంట ఎవరినీ పలకరించకుండా కూర్చోనిచ్చారు. ఆ పావుగంట నేను చెల్లించిన డబ్బులో పావువంతు విలువ చేస్తుంది. ఆ తరువాత పలుచని జొన్న అంబలి. చల్లని మజ్జిగ కలిపి, శొంఠి, ఉప్పు వేసినది. అప్పుడు గోరువెచ్చని అన్నం, బెల్లం పడిన చారు, ఆనపకాయ పెరుగు పచ్చడి, పొట్లకాయ కూర, మామిడి పిందెల ఊరగాయ, తాటిముంజలు, చివరికి చెరకు రసం. ఆవ లేదు, వేపుడు లేదు, పొగలు కక్కే వంటకం ఒక్కటీ లేదు. చలికాలంలో మెచ్చుకున్న కంద ముక్కలు అడిగాను. "ఇప్పుడా? వచ్చే మార్గశిరంలో రండి" అన్నారు. మధ్యాహ్నం అంత తిన్నాక కూడా బడలిక లేకుండా ఎండలో కోట దాకా వెళ్లి కీర్తితోరణాలు చూసి రాగలిగాం. నా వరకు అది ఆ వంటకు పెద్ద యోగ్యతాపత్రం.

ఋతువును బట్టి తినాలని వైద్యులూ చెబుతారు, నానమ్మలూ చెబుతారు, ఆ మాట విని విని అరిగిపోయింది. ఆ విస్తరి ముందు నాకు తెలిసిన విషయం ఇంకొంచెం వేరు. అప్పటి వారికి ఋతువును బట్టి తినడం ఒక సుగుణం కాదు, వేరే దారి లేదు. వానాకాలంలో వరుగులు తిన్నారంటే అవి ఆరోగ్యమని కాదు, తోటలో నీళ్లు నిలిచి కూరగాయ దొరకదు కనుక. ఆ వరుగులు ఉన్నాయంటే మండు వేసవిలో ఎవరో వంకాయలూ దొండకాయలూ కోసి, ఉప్పు రాసి, చాప మీద ఆరబోసి, పిల్లలను కాకుల కాపలా పెట్టారు కనుక. అంటే భోజనం మూడు నెలల ముందే మొదలవుతుంది. రాబోయే కాలానికి ఇప్పుడు ఏం చేసి పెట్టుకోవాలన్న ఆ చూపు, తీసుకురమ్మని ఫోన్‌లో నొక్కగానే పది నిమిషాలలో గుమ్మం ముందుకు సంచి వచ్చే మన కాలంలో ఎందుకూ కొరగానిదిగా కనిపిస్తుంది. నాకు మాత్రం వంటింట్లో నిజంగా పోగొట్టుకున్నది ఇదే అనిపించింది. మిరియం పోతే కొనుక్కోవచ్చు.

అదే వానాకాలపు పద్యంలో ఇంకో మాట ఉంది. జడివాన పట్టిన రోజుల్లో విష్ణుచిత్తుని భార్య, కళ్లలోకి పొగ రాకుండా ఉండేందుకు కొబ్బరిచిప్పలు మంటపెట్టి వండుతుందని రాయలు రాశాడు. రాజ్యాలు గెలిచిన రాజు తడికట్టెల పొగకు మండే ఆడమనిషి కళ్లను తలుచుకున్నాడు. అతిథుల సంతృప్తి గురించి ఎంతమంది కవులు రాశారో లెక్కలేదు కానీ పొయ్యి ముందు కూర్చున్నవారి కళ్ల గురించి రాసినవారు తక్కువే. ఈ పెంకుటింట్లో వంట గ్యాస్ పొయ్యి మీదే జరుగుతుంది, దాన్ని వాళ్లు దాచరు. కట్టెల పొయ్యి మీద ఎందుకు వండరని ఒక అతిథి నిరాశగా అడిగితే వంట చేసే చెల్లెలు, "మీరొచ్చి ఊదుతానంటే పెడతాను బాబూ" అని సమాధానమిచ్చారు. నాకు ఆ జవాబు ఏ వంటకానికీ తీసిపోని రుచిగా అనిపించింది. పాత కాలం నుంచి ఏది తీసుకోవాలో, ఏది అక్కడే వదిలేయాలో ఆవిడకు స్పష్టంగా తెలుసు.

లోపాల విషయానికి వస్తే, అందరికీ చేతిలో పెట్టే అచ్చు కాగితంతో మొదలుపెట్టాలి. మన పూర్వీకులు ఇలా తిన్నారు కనుకనే నిండు నూరేళ్లూ రోగం లేకుండా బతికారని అందులో ఉంది. ఇది నిజం కాదు, నిజం కాదని తెలుగు సాహిత్యం చదివినవారికి బాగా తెలిసి ఉండాలి. పుట్టిన పిల్లలలో ఎందరో పసితనంలోనే పోయేవారు, మశూచి ఊళ్లను ఊడ్చేసేది, వాన మొహం చాటేస్తే కరువు వచ్చేది. 14వ శతాబ్దం చివర దక్కన్‌ను పట్టుకున్న దుర్గాదేవి కరువు ఏళ్ల తరబడి వదలలేదు. ఆ రోజులలో మిరియం నూరిన గుత్తివంకాయ ఎవరి విస్తరిలోనూ ఉండి ఉండదు. నెయ్యి మంచిదని చెప్పడానికి చరిత్రను వంకర తిప్పవలసిన అవసరం లేదు, ఆ నెయ్యి దానంతట అదే చెప్పుకోగలదు.

రెండోది బియ్యం. రెండు పూటలా సన్నన్నమే పెట్టారు. లక్ష్మణవజ్ఝల ఇంట్లో రూక ఇచ్చి తిన్నవాడికి కర్పూరభోగి దొరికింది నిజమే, కానీ ఆ రూక చేతిలో ఉన్నవారు ఎందరు? పల్నాటి సీమ గురించి శ్రీనాథుని పేరు మీద ప్రచారంలో ఉన్న చాటువులలో జొన్న కలి, జొన్న అంబలి, జొన్నన్నం తప్ప సన్నన్నం సున్న అని ఒక ఎత్తిపొడుపు ఉంది. రాజుల పంక్తిలో తినడం మరిగిన కవికి అది ఫిర్యాదు. ఆ నేల మీద దుక్కి దున్నినవారికి అది రోజూ ఉండేదే. కాకతీయుల కాలంలో చెరువులు తవ్వించి మెట్ట నేలను మాగాణి చేసిన చోట్ల కూడా, వరి పండించిన చేతులన్నీ వరి అన్నంలో పడి ఉంటాయని నేను నమ్మను. మధ్యయుగపు భోజనం అని పేరు పెట్టి, ఆ కాలపు జనంలో ఎక్కువమంది తిన్న తిండిని వేసవిలో ఒక గ్లాసు అంబలికి పరిమితం చేయడం నాకు నచ్చలేదు. జొన్న సంకటి, ఉలవచారు, సజ్జ రొట్టె ఈ వరండాలోకి రావాలి. అసలు లక్ష్మణవజ్ఝల ఇంటి పంక్తిలోకి ఆనాడు ఎవరిని రానిచ్చేవారు, ఎవరిని గుమ్మం బయటే నిలబెట్టేవారు అన్న ప్రశ్న కూడా ఆ కాగితంలో ఒక వాక్యమంత చోటుకు తగినదే. ఈ ఇంట్లో ఎవరినీ కులం అడగరు, పద్నాలుగు మందీ ఒకే వరుసలో కూర్చుంటారు. ఆ పాత పద్ధతిని వాళ్లు వదిలేశారు కనుకనే మనం అక్కడ తినగలుగుతున్నామని చెప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

చిన్న చిన్న పొరపాట్లు కూడా ఉన్నాయి. మొదటిసారి విస్తరిలో చిలగడదుంప పులుసు వచ్చింది. అది కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినదే కదా అంటే, యజమానురాలు నాలుక కరుచుకుని పుస్తకంలో రాసుకున్నారు. రెండోసారికి ఆ స్థానంలో చేమదుంపలు ఉన్నాయి. వేసవిలో వెళ్లినప్పుడు ఒంటిగంటకని చెప్పిన భోజనం రెండింటికి కానీ మొదలుకాలేదు, మధుమేహం ఉన్న మా అమ్మకు అది కష్టమైంది. అడిగాక వెంటనే అంబలి తెచ్చిచ్చారు గానీ, అడగకముందే ఇవ్వవలసింది. తీపి పదార్థాలలో బెల్లం తగ్గించమని చెప్పినా తగ్గలేదు. కారు నిలుపుకోవడానికి వీధిలో చోటు లేదు. చేతులు కడుక్కునే చోట సబ్బుకు బదులు కుంకుడు రసం పెట్టారు. అది నాకు ముచ్చటగా ఉంది, నా వెనుక నిలబడిన యువకుడికి లేదు.

ఈ రెండు భోజనాల తరువాత మా ఇంట్లో ఏం మారిందో చెబితే, డబ్బు దండగైందో లేదో మీకు తెలుస్తుంది. మిరపకాయ మానలేదు, గుంటూరు రక్తం ఉన్న ఇంట్లో అది జరిగే పని కాదు. వారంలో రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, మిరియాలతోనే వండుకుంటున్నాం. ఆ రెండు రోజులూ కూరగాయలు తాజావి కొనవలసి వస్తోంది, ఎందుకంటే వడలిపోయిన బీరకాయను కారం దాచినట్టు మిరియం దాచదు. టమాటా వేయని చారులో చింతపండు పాతదా కొత్తదా అన్నది నాలుకకు తెలిసిపోతోంది. ఆదివారం మధ్యాహ్నం మెనూ అన్న మాట ఎత్తకుండా, వండినవారు ఏది వండితే అది తింటున్నాం. మా అబ్బాయి మొదటి రెండు వారాలు అలిగి, మూడో వారం తానే వండుతానని ముందుకొచ్చాడు, తనకు నచ్చినది తినడానికి మిగిలిన దారి అదొక్కటే కనుక. బియ్యం డబ్బా పక్కన జొన్నల డబ్బా చేరింది. ఈ మార్పుల వల్ల ఒంట్లో ఏం బాగుపడిందో కొలిచి చెప్పే పరీక్షలేవీ నేను చేయించుకోలేదు. ఆదివారాలు ఇల్లు నెమ్మదిగా ఉంటోంది, అంతవరకు చెప్పగలను.

ఈ ఇంటికి వెళ్లదలిచినవారికి, లేదా ఇలాంటిదే మీ ఊళ్లో ఎవరైనా మొదలుపెడితే అక్కడికి వెళ్లదలిచినవారికి, రెండు సూచనలు. చలికాలంలో వెళ్లండి, ఎందుకంటే వాళ్ల చేతి ఆవ, మిరియం ఆ ఋతువులోనే విజృంభిస్తాయి. వేసవి భోజనం ఒంటికి మేలు చేస్తుంది గానీ నాలుకకు అంత పండుగ కాదు. కొత్తదాన్ని రుచి చూడాలన్న ఆత్రంతో కాకుండా నిజంగా ఆకలితో వెళ్లండి. ఫోటోల కోసం వచ్చి, పొట్లకాయ కూరను విస్తరి అంచుకు నెట్టేసి లేచిపోయిన ఒక జంటను చూశాను. విస్తర్లు ఎత్తుతున్న చెల్లెలు ఆ కూర వంక చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. పూటకు పద్నాలుగు మందికి కొలిచి వండే ఇంట్లో వదిలేసిన ప్రతి ముద్దా కనబడుతుంది.

వానాకాలపు భోజనం మేము ఇంకా తినలేదు. శ్రావణంలో రెండో ఆదివారానికి మూడు చోట్లు చెప్పి పెట్టాం. అప్పుడు వరుగుల కూర ఉంటుందని విన్న దగ్గర నుంచి మా అమ్మ డాబా మీద పాత చీర పరిచి వంకాయ చక్రాలు ఎండబెడుతోంది, వాళ్ల వరుగుల పక్కన తనవి కూడా వండించి తేల్చుకుంటుందట. ఒక డబ్బా నిండా సర్ది సంచిలో పెట్టింది. రెండో డబ్బాలో ఏముందో నేను అడగలేదు.